నూటపది అంతస్తుల వెనుక మూడేళ్ళ వజీఫా



ఈ ఏటి సావనీరుకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితం రాసి ఇమ్మని సెక్రటరీ సాహెబ్ గారు నన్ను అడిగారు. సాధారణంగా ఇలాంటి పుటల్లో సర్ సయ్యద్ గారి గురించో, మౌలానా ఆజాద్ గారి గురించో రాయడం ఆనవాయితీ. వారిని గురించి ఎంత రాసినా తక్కువే. కానీ ఈసారి నేను ఒక ఇంజనీరు గురించి రాయదలచుకున్నాను. ఆయన పేరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. చనిపోయి నలభై ఏళ్ళు దాటింది. మన ఇళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు గానీ, హజ్‌కు వెళ్ళి జెడ్డాలో విమానం దిగిన మన బుజుర్గులలో ఎంతోమంది ఆయన లెక్కలు కట్టి నిలబెట్టిన నీడలో కూర్చుని లేచినవారే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. కొద్ది నెలల కిందట మన సొసైటీకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు నా దగ్గర చదువుకున్న కుర్రాడే. ఉర్దూ మీడియంలో టెన్త్ పాసై, పాలిటెక్నిక్ మీదుగా ఇంజనీరింగ్ దాకా వెళ్ళి, ఇప్పుడు గల్ఫ్‌లో మంచి ఉద్యోగంలో వున్నాడు. పాలిటెక్నిక్‌లో వున్నప్పుడు ఒక ఏడాది ఫీజు మన సొసైటీయే కట్టింది. అది వాడు మరిచిపోలేదు. ఇంజనీరింగ్‌లో పి.హెచ్‌డి. చేస్తున్న మన పిల్లల్లో ఒకరికి, అబ్బాయైనా అమ్మాయైనా సరే, థీసిస్ పూర్తయ్యేదాకా నెలనెలా వజీఫా ఇస్తాను, ఎంపిక మీరే చేయండి అని దాని సారాంశం.

కార్యవర్గం మీటింగులో ఈ ఉత్తరం చదివినప్పుడు సంతోషించిన వారికన్నా సందేహించిన వారే ఎక్కువ. ఒక్కడి మీద పెట్టే ఆ డబ్బుతో నలభైమంది బడి పిల్లలకు పుస్తకాలు, ఫీజులు వస్తాయి కదా అని ఒకరన్నారు. పాతికేళ్ళు దాటినవాడు ఇంకా చదువేమిటి, ఇంటికి నాలుగు రూపాయలు తేవాలి గానీ అని మరొకరు. డాక్టరేట్ చేసినవాడు అమెరికా వెళ్ళిపోతాడు, మనకు ఒరిగేదేమిటి అని ఇంకొకరు. అవి తీసిపారేసే మాటలు కావు. అన్నవాళ్ళు వాన పడినా ఎండ కాసినా ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసేవాళ్ళు. నేను ఆరోజు ఏమీ చెప్పలేకపోయాను. క్లాసులో పాఠం చెప్పే నోరు మీటింగులో పెగలదు, నాకది మొదటినుంచీ వున్న జబ్బే. ఇంటికి వచ్చాక తోచింది, ఫజ్లుర్ ఖాన్ గారి కథ చెప్పి వుండాల్సిందని. ఆనాడు నోటితో చెప్పలేనిది ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

ఖాన్ గారు 1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. అప్పటికి అది అవిభక్త బెంగాలు. తండ్రి ఖాన్ బహదూర్ అబ్దుర్ రహమాన్ ఖాన్ గారు లెక్కల మాస్టారు. బడి పిల్లలకు గణితం పుస్తకాలు కూడా రాశారు. తర్వాత విద్యాశాఖలో పెద్ద పదవికి ఎదిగి, రిటైరైన పిమ్మట ఢాకాలోని జగన్నాథ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. లెక్కల మాస్టారి కొడుకు ప్రపంచంలో కెల్లా ఎత్తయిన భవనాన్ని నిలబెట్టాడంటే నాబోటి వాడికి లోపల్లోపల కొంచెం గర్వంగానే వుంటుంది, దాచడం ఎందుకు. ఖాన్ గారు పేదింట్లో పుట్టినవారు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను పట్టుకోకుండా.

ఢాకాలో అర్మానీటోలా ప్రభుత్వ హైస్కూలులో చదివారు. ఆపైన ఇంజనీరింగ్ కోసం కలకత్తా దగ్గర శివపూర్‌లోని బెంగాల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. చేరింది ఒక దేశంలో, చదువు ముగిసేనాటికి అది రెండు దేశాలైంది. 1950లో రెండు బెంగాళ్ళలోనూ మతకలహాలు చెలరేగాయి. శివపూర్‌లో చదువు పూర్తిచేయడం కుదరక ఢాకాకు తిరిగివచ్చి అహసానుల్లా ఇంజనీరింగ్ కాలేజీ నుంచి డిగ్రీ పుచ్చుకున్నారు. అందులో ఆయనదే మొదటి స్థానం. చివరి పరీక్షల సమయంలో వూరు అంటుకుంటే కుర్రాళ్ళ చదువు ఏమవుతుందో మనకు చెప్పనవసరం లేదు. ఎంతమంది అక్కడితో పుస్తకం మూసేశారో లెక్క రాసినవారు లేరు. ఈయన మూయలేదు. కొంతకాలం అదే కాలేజీలో పిల్లలకు పాఠాలు కూడా చెప్పారు.

ఇక్కడినుంచి మన అసలు విషయం. 1952లో ఆయనకు రెండు వజీఫాలు కలిసివచ్చాయి. ఒకటి అమెరికా వారి ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్. రెండోది పాకిస్తాన్ ప్రభుత్వం ఇచ్చినది. ఢాకా అప్పుడు తూర్పు పాకిస్తాన్‌లో భాగం.

ఫుల్‌బ్రైట్ గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే మన కుర్రాడి ఉత్తరానికీ దానికీ చుట్టరికం వుంది. విలియం ఫుల్‌బ్రైట్ అనే ఆయన అమెరికాలో ఒక సెనేటరు. కుర్రతనంలో తాను రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు. తాను తిన్న అన్నం ఇంకొకరికి పెట్టాలని తోచిందేమో, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో ఒక చట్టం తెప్పించాడు. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం తాలూకు సామాను దేశదేశాల్లో గుట్టలుగా మిగిలిపోయింది. దాన్ని అక్కడే అమ్మి, వచ్చిన సొమ్ముతో విద్యార్థులను దేశాలు దాటించి చదివించాలన్నది ఆ చట్టం. పాకిస్తాన్‌తో ఆ ఒప్పందం 1950లో కుదిరింది. రెండేళ్ళకు ఢాకా కుర్రాడు ఓడెక్కాడో విమానమెక్కాడో గానీ అమెరికా చేరాడు. అంటే ఫిరంగులూ లారీలూ అమ్మిన డబ్బు లెక్కల మాస్టారి కొడుక్కి పుస్తకాలైంది. వజీఫా మీద చదివినవాడు వజీఫా పెట్టాడు. మన కుర్రాడు చేయబోయేదీ చిన్న ఎత్తున అదే.

ఖాన్ గారు చేరింది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం, అర్బానా అనే వూళ్ళో. మూడేళ్ళు అక్కడున్నారు. ఆ మూడేళ్ళలో రెండు మాస్టర్స్ డిగ్రీలు తీసుకున్నారు. ఒకటి నిర్మాణ ఇంజనీరింగ్‌లో, ఒకటి మెకానిక్స్‌లో. వాటితోపాటు 1955లో డాక్టరేట్ కూడా. మూడేళ్ళలో మూడు పట్టాలు! మన దగ్గర ఒక్క పి.హెచ్‌డి.కి ఐదారేళ్ళు పట్టడం చూస్తూనే వున్నాం. ఆయన మేధావి, నిజమే. కానీ మేధావికైనా రోజుకు ఇరవైనాలుగు గంటలే. ఇంటి అద్దె ఎలా, వచ్చే నెల మెస్ బిల్లు ఎలా అన్న దిగులు లేకుండా, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకోకుండా, ఆ గంటలన్నీ లైబ్రరీకీ ప్రయోగశాలకూ ఇవ్వగలిగారు. రిసెర్చికి వజీఫా అంటే ఫీజు కట్టడం కాదు. టైము కొని ఇవ్వడం. బడి పిల్లవాడికి పుస్తకం కొనిస్తే సరిపోతుంది. పాతికేళ్ళవాడికి కొనివ్వాల్సింది మూడేళ్ళ కాలం. మా క్లాసులో చురుకైన పిల్లలు ఎందరో బి.టెక్. దాటాక ఆగిపోయింది బుర్ర లేక కాదు, ఇంటికి పెద్దకొడుకు కావడం వల్ల.

ఆయన థీసిస్ ప్రిస్ట్రెస్‌డ్ కాంక్రీటు దూలాల మీద. అదేమిటో మామూలుగా చెప్తాను. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా ఎలా ఎక్కిస్తారో మన పెద్దలు చూసే వుంటారు. పట్టాను నిప్పుల్లో కాల్చి, వ్యాకోచించాక చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తారు. చల్లారేసరికి పట్టా ముడుచుకుని చెక్కలన్నిటినీ బిగించి పట్టుకుంటుంది. కాంక్రీటుకు నొక్కితే బలం, లాగితే బీట. అందుకని లోపల గట్టి ఉక్కు తీగలను బాగా లాగి బిగించి, అవి కాంక్రీటును ఎప్పుడూ నొక్కిపట్టి వుంచేలా చేస్తారు. బరువు పడినా బీట తియ్యదు. ఈ పద్ధతి అప్పటికి కొత్త. దానిమీద పట్టు సాధించిన కుర్రవాణ్ణి చికాగోలోని స్కిడ్మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే పేరున్న కంపెనీ 1955లో తీసుకుంది.

రెండేళ్ళు అక్కడ పనిచేసి, 1957లో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. కరాచీ డెవలప్‌మెంట్ అథారిటీలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉద్యోగం. హోదా వుంది, కుర్చీ వుంది. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫైళ్ళు, సంతకాలు, పరిపాలన. చేతిలో వున్న విద్యకు పని లేదు. రెండు మూడేళ్ళు చూసి 1960లో మళ్ళీ చికాగోకు, పాత కంపెనీకే వెళ్ళిపోయారు. 1967లో అమెరికా పౌరసత్వం కూడా తీసుకున్నారు.

మీటింగులో మూడో సభ్యుడు అడిగిన ప్రశ్నకు ఇది సరిగ్గా తగులుతుంది. చదివించినవాడు వెళ్ళిపోయాడు కదా అని. నేను దీన్ని కప్పిపుచ్చను. ప్రభుత్వం డబ్బు పెట్టింది, మనిషి వచ్చాడు, వచ్చినవాడికి చేయడానికి పని చూపలేకపోయింది. తప్పు ఎవరిదో పాఠకులే ఆలోచించాలి. నాకు మటుకు సగం సగం అనిపిస్తుంది. మన హైదరాబాదు సంస్థానంలో ఇంకోలా జరిగింది. అలీ నవాజ్ జంగ్ గారిని 1896లో నిజాం ప్రభుత్వం స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీకి పంపింది. ఆయన తిరిగివచ్చారు. వచ్చినవాడికి నదులు అప్పగించారు. మంజీరా మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. పంపడం ఎంత ముఖ్యమో, వచ్చాక పని చూపడమూ అంతే.

సరే, చికాగోకు వద్దాం. ఖాన్ గారు చేసిన గొప్ప పని ఏమిటో పిల్లలకు కూడా తెలియాలి. అందుకని ఈ భాగం కొంచెం సావకాశంగా రాస్తున్నాను.

ఎత్తయిన కట్టడానికి బరువు శత్రువని మనం అనుకుంటాం. అసలు శత్రువు గాలి. బరువు కిందికి పోతుంది, దానికి కింద నేల వుంది. గాలి పక్కనుంచి తోస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఆ తోపుడు విపరీతంగా పెరుగుతుంది. పాత పద్ధతిలో భవనం లోపలంతా స్తంభాలు, దూలాలు అల్లి పంజరంలా కట్టేవారు. ఎత్తు పెంచాలంటే ఆ పంజరాన్ని లావు చేయాలి, అంటే ఉక్కు, అంటే డబ్బు. అందుకే 1931లో న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనం కట్టాక, చాలా ఏళ్ళపాటు దాన్ని దాటే ప్రయత్నమే ఎవరూ చేయలేదు.

మీ పిల్లల నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి బల్లమీద నిలబెట్టమనండి. పడిపోతుంది. అదే కాగితాన్ని గొట్టంలా చుట్టి నిలబెట్టమనండి. నిలబడుతుంది, పైన చిన్న పుస్తకం పెట్టినా మోస్తుంది. కాగితం అదే, బరువు అదే, మారింది ఆకారం. వెదురు బొంగు లోపల డొల్ల, గాలికి వూగుతుంది గానీ విరగదు. ఖాన్ గారి ఆలోచన కూడా ఇంతే. బలాన్ని లోపల చెల్లాచెదురుగా పెట్టకుండా భవనం బయటి గోడకే ఇచ్చేశారు. చుట్టూ దగ్గరదగ్గరగా స్తంభాలు నిలిపి, వాటిని ప్రతి అంతస్తులోనూ దూలాలతో కలిపితే మొత్తం భవనం ఒక చదరపు గొట్టం అవుతుంది. గాలి తోస్తే ఒక్కొక్క స్తంభం కాదు, గొట్టమంతా కలిసి ఎదురునిలుస్తుంది. మొదట 43 అంతస్తుల డెవిట్-చెస్ట్‌నట్ అపార్ట్‌మెంట్ల భవనాన్ని ఈ పద్ధతిలో 1960ల మధ్యలో కట్టారు. అందులో బయటి స్తంభాలు ఐదున్నర అడుగులకు ఒకటి చొప్పున వుంటాయి.

తర్వాతది జాన్ హాన్‌కాక్ సెంటర్. వంద అంతస్తులు, 1,127 అడుగులు. 1969 ప్రాంతంలో పూర్తయింది. దీని బయటి గోడలమీద అంతస్తులకు అంతస్తులు దాటుతూ పెద్దపెద్ద ఇంటూ గుర్తుల్లాంటి ఉక్కు కమ్ములు అడ్డంగా కనబడతాయి. మా పిల్లలకు ఫోటో చూపిస్తే, సార్, లెక్క తప్పని కొట్టేశారా అని నవ్వారు. తప్పు కాదు, అవే దాని బలం. ఆ కమ్ములు గొట్టాన్ని ఇంకా గట్టిగా కట్టిపడేస్తాయి. ఫలితంగా చదరపు అడుగుకు సుమారు 30 పౌండ్ల ఉక్కే పట్టింది. అంత ఎత్తుకు పాత పద్ధతిలో చాలా ఎక్కువ కావలసి వచ్చేది. కింద దుకాణాలు, కార్లు పెట్టే చోటు, మధ్యలో ఆఫీసులు, పైన కాపురాలు. నలభైనాలుగో అంతస్తులో ఈతకొలను కూడా వుంది. 2018లో ఆ భవనం పేరు మార్చి వీధి నంబరుతో పిలవడం మొదలుపెట్టారు.

హాన్‌కాక్ విషయంలో ఒక ముచ్చట నాకు భలే ఇష్టం. ఎత్తయిన భవనం గాలికి కొంచెం వూగక తప్పదు. పడిపోదు సరే, పైన కాపురముండేవాళ్ళకు తల తిరిగితే ఎలా? ఎంత వూగితే మనిషికి తెలుస్తుందో అప్పట్లో ఏ పుస్తకంలోనూ సరిగా లేదు. చికాగో సైన్స్ మ్యూజియంలో బట్టలుతికే యంత్రాల ప్రదర్శనకు పెట్టిన ఒక తిరిగే వేదిక వుంది. ఖాన్ గారు కొంతమందిని వెంటబెట్టుకుని అక్కడికి పోయి, వాళ్ళను ఆ వేదికమీద కూర్చోబెట్టి, నిలబెట్టి, పడుకోబెట్టి, కదలిక ఎప్పుడు తెలుస్తోందో కనుక్కున్నారు. వంద అంతస్తుల భవనానికి లెక్క అక్కడ తేలింది. మన బడుల్లో ల్యాబ్ లేదు, సామాను లేదు అని సైన్సు పీరియడ్ వదిలేసే మాస్టర్లకు (అందులో నేనూ వున్నాను) ఈ సంగతి వినిపించాలి.

ఆపైన సియర్స్ టవర్. ఒక గొట్టం కాదు, తొమ్మిది గొట్టాలు కట్టకట్టారు. ఒక్కొక్కటి 75 అడుగుల చదరం. మూడు వరుసల్లో మూడేసి. ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం గారు గుప్పిట్లో సిగరెట్లు పట్టుకుని ఒకదాన్ని పైకి, ఒకదాన్ని కిందికి జరిపి ఈ వూహను చూపించారని చెప్తారు. మనం సుద్దముక్కలతో చూపించుకుందాం, పిల్లలకు అదే మంచిది. తొమ్మిదింటిలో రెండు గొట్టాలు యాభయ్యో అంతస్తు దగ్గర ఆగిపోతాయి, రెండు అరవై ఆరు దగ్గర, మూడు తొంభై దగ్గర. చివరికి రెండే రెండు పైదాకా వెళ్తాయి. 110 అంతస్తులు, 1,450 అడుగులు. 1973లో అది ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన భవనమైంది. పాతికేళ్ళు, అంటే 1998 దాకా ఆ కిరీటం దించినవారు లేరు. దించినవి కూడా మలేషియాలో, కౌలాలంపూర్‌లోని పెట్రోనాస్ జంట గోపురాలు. 2009 నుంచి సియర్స్ టవర్‌ను విల్లిస్ టవర్ అంటున్నారు. ఇంకో మాట, ఇదంతా ఖాన్ గారు ఒంటిచేత్తో చేశారని నేననను. గ్రాహం గారు వున్నారు, మన దేశంనుంచి వెళ్ళిన శ్రీనివాస అయ్యంగార్ అనే ఇంజనీరు ఆయన పక్కనే వుండి లెక్కలు చేశారు. ఖాన్ గారు కూడా చికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పై చదువుల విద్యార్థులకు పాఠాలు చెప్తూ, వాళ్ళ పరిశోధనలకు దారిచూపుతూ వచ్చారు. ఆఫీసులో అంత పని పెట్టుకుని మళ్ళీ క్లాసుకు పోవడం అందరివల్లా అయ్యేది కాదు.

మనిషిగా ఎలాంటివారో రెండు విషయాలు చాలు. ఆయనకు రవీంద్రుని పాటలంటే ప్రాణం, తానే పాడేవారు. ఆయన భార్య లీజెలోట్టే గారు ఆస్ట్రియా దేశస్తురాలు. ఒక్కతే కూతురు, యాస్మిన్. ఆమె కూడా నిర్మాణ ఇంజనీరే అయి, తండ్రి చేసిన పనిమీద పుస్తకం రాశారు. 1971లో తూర్పు బెంగాల్‌లో యుద్ధం వచ్చి లక్షలాది జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయినప్పుడు, ప్రపంచంలో కెల్లా ఎత్తయిన భవనం పని ఒక పక్క నడుస్తుండగానే ఖాన్ గారు చికాగోలో రెండు సంఘాలు నిలబెట్టారు. ఒకటి అక్కడి జనానికి సహాయం పంపడానికి, దాని పేరు బంగ్లాదేశ్ ఎమర్జెన్సీ వెల్ఫేర్ అప్పీల్. రెండోది అమెరికా ప్రభుత్వానికీ జనానికీ సంగతి తెలియజెప్పడానికి, బంగ్లాదేశ్ డిఫెన్స్ లీగ్. మనలాగే చందాలు, మీటింగులు. దేశం వదిలిపోయినవాడు దేశాన్ని వదిలేశాడా అన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు. మొత్తం జవాబని నేననను.

ఇంకో జవాబు జెడ్డాలో వుంది. 1970లలో విమానాల్లో వచ్చే హాజీలు ఏటికేడు పెరిగిపోయారు. ఏడాదిలో కొద్ది వారాలే రద్దీ. ఆ కొద్ది వారాలూ లక్షల మంది. ఎండ చూస్తే అరేబియా ఎండ. అందరినీ ఒక మూసిన హాలులో పెట్టి చల్లబరచాలంటే ఎంత కరెంటు కావాలి? ఖాన్ గారూ ఆయన తోటివారూ గోడలు కట్టనే లేదు. ఎడారిలో మనిషి ఎప్పటినుంచో చేస్తున్నదే చేశారు, గుడారం వేశారు. కానీ ఎలాంటి గుడారం! ఒక్కొక్కటి 45 మీటర్ల చదరం, అలాంటివి 210. గాజు నారతో నేసి టెఫ్లాన్ పూత పూసిన తెల్లటి బట్ట, ఎత్తయిన ఉక్కు స్తంభాల నుంచి తాళ్ళతో వేలాడుతుంది. తెల్లదనం ఎండను తిప్పికొడుతుంది. ప్రతి గుడారమూ మధ్యలో పైకి లేచి నెత్తిన తెరుచుకుని వుంటుంది గనుక వేడిగాలి పైకి పోతుంది, పక్కలనుంచి గాలి ఆడుతుంది. ఏసీ మిషన్లు లేకుండానే కింద నీడ, చల్లదనం. ఒకేసారి ఎనభైవేల మంది దాకా అక్కడ వుండగలరు. 1981లో ఆ హజ్ టెర్మినల్ తెరిచారు. 1983లో దానికి ఆగాఖాన్ వాస్తు అవార్డు వచ్చింది.

మా మామయ్య హజ్‌కు వెళ్ళొచ్చాక చెప్పినవాటిలో జమ్‌జమ్ తర్వాత నాకు బాగా గుర్తున్నది ఆ గుడారాల సంగతే. ఎంతసేపు కూర్చున్నా వడదెబ్బ తగల్లేదు, పైన పడవ తెరచాపల్లా వున్నాయి, ఎవరు కట్టించారో గానీ అల్లా వాళ్ళకు మేలు చేయాలి అన్నారు. కట్టినదెవరో ఆయనకూ తెలీదు, అప్పట్లో నాకూ తెలీదు.

ఆ అవార్డు వచ్చేనాటికి ఖాన్ గారు లేరు. 1982 మార్చి 27న పనిమీద వెళ్ళిన ఆయన, ఆ జెడ్డాలోనే గుండెపోటుతో మరణించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. యాభై మూడు నిండలేదు. దేహాన్ని చికాగోకు తీసుకువచ్చి గ్రేస్‌ల్యాండ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1998లో సియర్స్ టవర్ పక్కనున్న వీధి మలుపుకు ఆయన పేరు పెట్టారు. 1999లో బంగ్లాదేశ్ ప్రభుత్వం తమ స్వాతంత్ర్య పురస్కారాన్ని మరణానంతరం ఇచ్చి, తపాలా బిళ్ళ కూడా వేసింది. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో ఆయన పేరిట నిర్మాణ ఇంజనీరింగ్‌కు ఒక ఆచార్య పీఠం వుంది. ఆయన కూర్చుని చదివిన మూడేళ్ళకు ఎంత ఖర్చయిందో గానీ, ఆ పీఠం దగ్గర ఇప్పుడు ఎవరెవరి పిల్లలో కూర్చుని డాక్టరేట్లు చేస్తున్నారు.

ఇక మన మాటకు వస్తాను. నలభైమంది పిల్లల పుస్తకాలా, ఒక్కడి పరిశోధనా అని అడిగారు. మన కుర్రాడు అడిగింది ఆ నలభైమంది డబ్బు కాదు, తన జేబులోంచి తెస్తానంటున్నాడు. పిల్లల పుస్తకాల పద్దు ఎప్పటిలాగే చందాల్లోంచి, జకాత్‌లోంచి నడుస్తుంది. ఐనా ఈ ప్రశ్నలో న్యాయం వుందని ఒప్పుకుంటాను. ఒక ఇంట్లో ఒక కొడుకు చదువుకు బంగారం అమ్మి, మిగతావాళ్ళను బడి మాన్పించిన ఇళ్ళు నేను చూశాను.

ఐతే ఇంకో లెక్క కూడా చూడాలి. గేట్‌లోనో, జె.ఆర్.ఎఫ్.లోనో ఎంపికైనవారికి ప్రభుత్వం నెలనెలా ఇస్తుంది. ఆ రెంటికీ అందనివారు, యూనివర్సిటీలో సీటు వచ్చినా భృతి రానివారు వున్నారు. మైనారిటీ విద్యార్థుల పరిశోధనకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రప్రభుత్వం 2022లో నిలిపివేసింది. ఇతర ఫెలోషిప్పులు వున్నాయి, వాటిలోనే తీసుకోవచ్చు అన్నది వాళ్ళ కారణం. దాని మంచిచెడ్డలు ఈ సావనీరులో తేలేవి కావు. మన పక్క వీధిలో ఎం.టెక్. ఫస్ట్ క్లాసులో పాసైన అమ్మాయి ఒకతె పి.హెచ్‌డి.లో చేరి, ఏడాది తిరగకుండానే ఒక ప్రైవేటు కాలేజీలో రోజుకు ఆరు క్లాసులు చెప్పే పనికి కుదిరింది. రాత్రిపూట థీసిస్ రాస్తానంటుంది. రాస్తుందో లేదో నాకైతే అనుమానమే. అలాంటి వాళ్ళ గురించి ఆ ఉత్తరం.

ఎంపిక ఎలా చేయాలన్నది కూడా తేలిక కాదు. ఇంజనీరింగ్ పరిశోధనను తూచగలిగినవాళ్ళు మన కార్యవర్గంలో ఎవరూ లేరు, నాతో సహా. అందుకని కాలేజీల్లో పనిచేసే ఇద్దరు ప్రొఫెసర్లను అడిగి, వాళ్ళ అభిప్రాయం తీసుకోవాలని నా సూచన. విద్యార్థి గైడు దగ్గరనుంచి ఆర్నెల్లకొకసారి పని ఎంతవరకు వచ్చిందో చీటీ తెప్పించుకోవాలి. తిరిగి రావాలి, ఇక్కడే వుండాలి అన్న షరతు పెట్టవద్దని కూడా అంటాను. కరాచీలో ఏమైందో పైన రాశాను.

ఉత్తరం సెక్రటరీ సాహెబ్ గారి దగ్గర పచ్చ ఫైలులో వుంది. జవాబు ఇంకా వెళ్ళలేదు. రంజాన్ తర్వాత జరిగే సర్వసభ్య సమావేశం అజెండాలో అది నాలుగో అంశం.